కేకు మీద ఒక్కటే చీమ

చూపు విషయంలో కళ్ళద్దాల దుకాణం ఆయన్ని మించినవాడు భూమ్మీద పుట్టలేదు. వీధి చివర ఎగిరే దోమ ఆడదో మగదో అరుగు మీద కూర్చుని చెప్పేస్తాడు. కొత్త కెమెరా కొన్నాక ఆ చూపు మరీ ముదిరింది.

ఆ ఉదయం పని చిన్నదే. ఆయన భార్య నడిపే కేకుల షాపుకి ఆసుపత్రి క్యాంటీను నుంచి ఏడాది పొడుగునా ఆర్డరు రాబోతోంది. తెల్ల క్రీము కేకు ఫొటో ఒకటి పంపితే ఖాయం చేస్తామన్నారు.

"ఫోనుతో ఒకటి తీసి పంపండి, చాలు," అంది ఆవిడ.

"ఫోనులో ముందు పువ్వు తేటగా ఉంటే వెనక పువ్వు మసక. ఊరందరి మసకా పోగొట్టేవాణ్ణి, నా ఇంటి కేకుని మసగ్గా పంపనా?"

కొత్త కెమెరాలో ఒక సదుపాయం ఉంది. మీట నొక్కితే చూపును ముందంచు నుంచి వెనకంచు దాకా కొంచెం కొంచెం జరుపుకుంటూ వరసగా బొమ్మలు తీస్తుంది. ఒక్కోదాంట్లో తేటగా ఉన్న ముక్కను ఏరి, అన్నిటినీ ఒకే ఫొటోగా తానే అతికిస్తుంది. షరతల్లా ఎదుట ఏదీ కదలకూడదు. కేకు కదల్లేదు. ఆయన ఊపిరి బిగబట్టాడు. చీమకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

అది ముందంచున ఎక్కి, కెమెరా చూపు ఎంత జరిగితే తానూ అంతే జరుగుతూ, వెనకంచున దిగిపోయింది. కెమెరా దాన్ని ప్రతి మజిలీలోనూ శ్రద్ధగా ఏరి ఫొటోలో అతికించింది. కళ్ళద్దాలాయన అద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఫొటో చూసి, "అదిరింది," అని పంపేశాడు. నిజం చెప్పాలంటే, అద్దాలు లేకపోతే ఆయనకు దోమకీ కాకికీ తేడా తెలియదు.

క్యాంటీను మేనేజరు ఫోను చేశాడు. "కేకు మీద ఆ నల్లవేంటండీ, బారులు తీరి?"

"నల్ల నువ్వులు," అన్నాడాయన, ధీమాగా.

"నువ్వులకి కాళ్ళున్నాయండీ."

అప్పుడు అద్దాలు దించి చూశాడు. సంగతి అర్థమైంది. ఉన్నమాట చెబితే సరిపోతుందనుకున్నాడు. అక్కడే చెడింది.

"అవన్నీ ఒకటే చీమండీ. అదే మళ్ళీ మళ్ళీ వచ్చింది."

"ఒకసారి వస్తేనే తప్పు. మళ్ళీ మళ్ళీ వస్తుందని మీరే చెబుతున్నారు," అని మేనేజరు ఫోను పెట్టేసి, ఫుడ్ ఇన్‌స్పెక్టరుకు చేశాడు.

ఇన్‌స్పెక్టరు సీలు వేసే సరంజామాతోనే దిగాడు. "పుట్ట ఎక్కడ?"

"పుట్ట లేదు సార్, ఒక్క చీమే."

"అయితే ఆ చీమని చూపించండి."

మొగుడూ పెళ్ళాలూ బల్లల కింద పాకి వెతికారు. షాపు శుభ్రంగా ఉండబట్టి ఒక్క చీమా దొరకలేదు.

"షాపు మూతపడితే రేపట్నించి మీ కళ్ళద్దాల కొట్లోనే కేకులు పెడతాను, చూస్కోండి," అంది ఆవిడ.

"సార్, మీరు ఆ కేకు వెనక కూర్చోండి. మళ్ళీ తీస్తాను. కదిలితే ఏమవుతుందో మీకే తెలుస్తుంది," అన్నాడు కళ్ళద్దాలాయన.

"త్వరగా కానివ్వండి. డ్యూటీలో ఉండగా నేను మంచినీళ్ళు కూడా ముట్టను."

కెమెరా టక్కుమంది. ఫొటో అయిపోయిందనుకున్నాడు ఇన్‌స్పెక్టరు. ఎదుట ఇద్దరూ కెమెరా మీదికి వంగి ఉన్నారు. క్రీమేమో నోరూరిస్తోంది.

వచ్చిన ఫొటోలో కేకు నుంచి ఆయన నోటి దాకా చేతులు బారులు తీరాయి. ప్రతి వేలికీ క్రీమే.

"ఇవన్నీ నావేనా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఒక్క చెయ్యే సార్. అదే మళ్ళీ మళ్ళీ వెళ్ళింది."

"ఎవరికైనా పంపారా?"

"ఇంకా లేదు సార్."

ఇన్‌స్పెక్టరు వెంటనే మేనేజరుకు ఫోను చేశాడు. "స్వయంగా పరీక్షించాను. చీమ ఒక్కటే, అదీ కెమెరా తప్పు. కేకు బాగుంది. కంగారు లేకుండా ఆర్డరు ఇవ్వండి."

ఆర్డరు ఖాయమైంది. ఇన్‌స్పెక్టరు వెళ్ళేటప్పుడు మీసానికి క్రీము అంటుకునే ఉంది, ఎవరూ చెప్పలేదు. ఆ మీసం ఒక్కటే నా కల్పన, చేతులన్నీ ఆయనవే.