కూలరు అమ్మకంలో పదకొండు జాగ్రత్తలు

మిత్రులారా, మా ముందుగది మూలలో ఒక పాత ఇనుప కూలరు ఉండేది. అది కదిలితే అక్కడ నా పుస్తకాల బీరువా పెట్టాలని నా ఆశ. కుట్టుమిషను పెట్టాలని నా భార్య నర్మద పట్టుదల. చివరకు, కూలరును ఎవరు అమ్మితే మూల వారిదేనని ఒప్పందం కుదిరింది.

"గల్లీల ఒక్క మాట జెప్తే అమ్ముడువోతది," అంది నర్మద.

"నేను ఆన్‌లైన్‌లో అమ్ముతాను."

"అండ్ల అందరు దొంగలేనట గదా?"

"అందుకే రెండు రోజులుగా ఆ విషయాన్ని అధ్యయనం చేస్తున్నాను."

"నీ అధ్యయనం అయ్యేటాల్లకు ఎండకాలం గూడ అయిపోతది!"

పట్టించుకోలేదు. పదకొండు జాగ్రత్తలు రాసుకున్నాను. అసలు పేరు చెప్పరాదు, అసలు ఊరు చెప్పరాదు, ఫోను ఎత్తరాదు, ఇల్లు చూపరాదు, ఇత్యాది. ఆ ప్రకారం నారాయణఖేడ్ వాసినైన నేను, పక్క మండలం పేరు తగిలించుకుని, 'కంగ్టి మహిపాల్' పేరిట కూలరు ఫొటో పెట్టాను.

మర్నాడే ఒక సందేశం: "కూలర్ ఎంతకిస్తవ్? వచ్చి చూస్తం."

పేరు లేదు, పేరుండవలసిన చోట గులాబీ బొమ్మ. పలకరింపైనా లేకుండా నేరుగా ధర! నాకు అనుమానం బలపడింది.

"గౌరవనీయులైన కొనుగోలుదారు గారికి నమస్కారములు. ప్రస్తుతము వస్తువును చూపుట సాధ్యపడదు. ముందుగా తమ ఆధార్ ప్రతిని, నేటి దినపత్రిక చేతబట్టి దిగిన ఫొటోను పంపగలరు," అని రాశాను.

అంతే, అటునుండి మాట లేదు.

"మోసగాడు పారిపోయాడు!" అన్నాను గర్వంగా.

"దొంగ పోయిండా, బేరం పోయిందా?" అంది నర్మద. ఆ తేడా ఎలా కనిపెట్టాలో నా జాబితాలో లేదు.

సాయంత్రం వెనుక గల్లీ జీనత్ రొప్పుకుంటూ వచ్చింది.

"నర్మదక్కా, గజబైంది! ఎవడో కంగ్టి మహిపాలట, మీ కూలర్ ఫొటో వెట్టి అమ్ముతుండు!"

"మా కూలరేనని ఎట్ల తెల్సిందే?"

"ముందుగాల నేనే కొందమనుకున్న. ఫొటో పెద్దగ జేసి చూస్తే దానెన్క సారు లుంగీ! వాడు పక్కా దొంగ. చూస్తమంటే రావద్దన్నడు, ఆధార్ అడిగిండు, పేపర్ వట్టుకొని ఫొటో దిగాల్నట! ఇంక 'గారు' అంటుండక్కా! మన ఖేడ్‌ల ఎవడన్న 'గారు' అంటడా?"

చాటుగా జాబితా తీసి చూసుకున్నాను. నా పదకొండు జాగ్రత్తల్లో తొమ్మిది అచ్చం మోసగాడి లక్షణాలుగానే కనబడ్డాయి. మిగిలిన రెండింటి విషయంలో కూడా నాకు నా మీద నమ్మకం కలగలేదు.

"ఠాణాకు వోదమా? సారైతే కాయిదం మంచిగ రాస్తడు," అంది జీనత్.

నర్మద నావైపు నిదానంగా చూసింది. "వద్దు తియ్యి. ఆ మహిపాల్ సంగతి నేను జూస్కుంట. కూలర్ నీకే ఇస్త, తీస్కో."

జీనత్ కూలరును నాలుగు దెబ్బలు కొట్టి, నలభై వంకలు పెట్టింది. చాయ్ చల్లారేలోగా బేరం కుదిరింది.

నేను నర్మదను వంటింట్లోకి పిలిచాను. "ఆమె చూసింది నా ప్రకటనే! కనుక మూల నాది."

"గట్లనా? అయితే బయటికొచ్చి, ఆ మహిపాల్ నేనేనని జీనత్‌తోని చెప్పు. మూల తీస్కో."

నేను వెళ్లి కూలరుకు ఒక కొస పట్టాను. జీనత్ భర్త ఉబేద్ రెండో కొస పట్టాడు. గల్లీ పొడవునా జీనత్ ఆ మహిపాల్‌ను తిడుతూనే నడిచింది. వాళ్ల గుమ్మం దగ్గర జాలిగా నావైపు తిరిగింది.

"పైలం సారూ. గసొంటి దొంగలు మీ అసొంటి అమాయకులనే జూసి పడ్తరు."

"నిజమే," అన్నాను.

తిరిగి వచ్చేసరికి మా ఇంట్లోంచి కుట్టుమిషను ఈడుస్తున్న చప్పుడు, దానిని మించి నర్మద నవ్వు వినిపించాయి.