కొండగొర్రెల సంరక్షణార్థం

'బాతెల్ తెలుగు మహామండలి అధ్యక్షులు డాక్టర్ గౌరీశంకర్ గారు, కొండగొర్రెల జాతిని కాపాడాలన్న సదుద్దేశంతో, ఒక కొండగొర్రెను కాల్చి చంపడానికి దయతో అంగీకరించారు.'

ఈ ప్రకటన రాసింది ఆ ప్రవాస తెలుగువాళ్ల మండలి ప్రచార కార్యదర్శి శ్యామ్‌సుందర్. వాక్యంలో తప్పేమీ లేదు. మోంటానా కొండల్లో ఏటా కొన్ని పొట్టేళ్లను వేటాడనిచ్చి, ఆ రుసుముతో మిగతా మందను కాపాడతారు. పర్మిట్ లాటరీలో తగలాలి. తొమ్మిదేళ్లుగా అప్లై చేస్తున్న డాక్టరుగారికి ఈ ఏడు తగిలింది. తొమ్మిదేళ్లుగా ఆయన అధ్యక్షులు కూడా. దానికి లాటరీ అవసరం రాలేదు.

శ్యామ్‌సుందర్‌కి యాభై ఎనిమిదేళ్లు. "ఈ ట్రిప్ అయ్యాక నేను తప్పుకుంటానయ్యా. తరవాత నువ్వే" అని డాక్టరుగారు మాటిచ్చారు. ఇదే మాట ఇంతకు ముందు రెండుసార్లు ఇచ్చారు గానీ, ఈసారి భుజమ్మీద చెయ్యి వేసి మరీ ఇచ్చారు.

ప్రకటన వాట్సాప్‌లో పడిన పది నిమిషాలకే మహిళా విభాగం నుంచి భానుమతి గారి ఫోను.

"శ్యామ్ గారూ, మన మెంబర్స్‌లో సగం మంది గుడ్డు కూడా ముట్టరండీ! వాళ్లకేం చెప్పమంటారు?"

డాక్టరుగారు రోజంతా ఆలోచించి వివరణ ఇప్పించారు: 'సదరు గొర్రెపై అధ్యక్షులవారికి వ్యక్తిగతంగా ఎలాంటి కక్షా లేదు.' సభ్యులు శాంతించారు.

సెప్టెంబరు చివర్లో డాక్టరుగారు, శ్యామ్‌సుందర్ మోంటానా చేరారు. గైడ్ పేరు కార్లా. మాట తక్కువ మనిషి. ఒక రోజంతా గుర్రాల మీద, మరో రెండు రోజులు కాలినడకన ఎక్కారు. డాక్టరుగారి తుపాకీ కార్లా మోసింది. మండలి బ్యానరు, శాలువా, జ్ఞాపిక శ్యామ్‌సుందర్ మోశాడు. తొమ్మిది వేల అడుగుల ఎత్తున, చెట్టన్నది మొలవని చోట, వడగళ్లు పడుతుండగా కార్లాకి ఘన సన్మానం జరిగింది.

"ఇదెందుకు?" అందామె ఇంగ్లీషులో.

"తెలుగుజాతికి మీరు చేసిన సేవకి" అన్నారు డాక్టరుగారు, అదే భాషలో.

ఆమె శాలువా తీసేయలేదు. చలి అలా ఉంది.

నాలుగో రోజు పొద్దున ఎదురుగా ఉన్న వాలులో ఐదు పొట్టేళ్లు కనిపించాయి. కార్లా టెలిస్కోప్ నిలబెట్టింది.

"మధ్యలోది చూడండి. కొమ్ముల మీద గీతలు లెక్కపెట్టాను, పన్నెండేళ్లు. పళ్లు అరిగిపోయి ఉంటాయి. ఈ చలికాలం దాటడం అనుమానమే. అయినా మంచి గడ్డి ఉన్న చోటు వదలదు, చిన్నవాటిని దగ్గరికి రానివ్వదు. అది పోతే మందకేం నష్టం లేదు."

శ్యామ్‌సుందర్ ఈ మాటలు నోట్‌బుక్‌లో రాసుకుని, చివరి వాక్యం కింద రెండుసార్లు గీత గీశాడు. పుట్టి బుద్ధెరిగాక చీమకి కూడా హాని తలపెట్టని మనిషి, 'కాల్చండి సార్, కాల్చండి' అని లోలోపల జపం మొదలుపెట్టాడు.

డాక్టరుగారు టెలిస్కోప్‌కి కన్ను ఆనించి చాలాసేపు కదల్లేదు.

"ఎంత హుందాగా నిలబడ్డాడో చూశావా?" అన్నారు.

"అవున్సార్. గాలి కూడా మనకి అనుకూలంగానే ఉందట. గురి చూస్తే..."

"అంత ఎక్స్‌పీరియన్స్ ఉన్నవాణ్ణి పోగొట్టుకుంటే ఆ మంద ఏమైపోవాలయ్యా?"

తరవాత కార్లా వైపు తిరిగారు. "పక్కన మెడ సాచి చూస్తున్నాడే, వాడెవడు?"

"దానికి ఆరేళ్లు. రేపు ముసలిదాని స్థానంలోకి వచ్చేది అదే."

"దాన్ని కాల్చొచ్చా?"

"కుదరదు. పడుచువాటిని మేం కొట్టనివ్వం."

"పోనీ గాల్లోకి కాల్చి బెదరగొట్టొచ్చా?"

కార్లా టెలిస్కోప్‌కి మూత పెట్టేసింది. డాక్టరుగారు తుపాకీ కింద పెట్టారు. "రాసుకో శ్యామ్. అధ్యక్షులవారి హృదయం కరిగింది" అని, నిజంగానే కళ్లు తుడుచుకున్నారు. శ్యామ్‌సుందర్ కూడా తుడుచుకున్నాడు.

ఆ శనివారం బాతెల్‌లో సర్వసభ్య సమావేశం. చేతికందిన గొర్రెను విడిచిపెట్టిన మహానుభావుడికి సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. భానుమతి గారు ఏడ్చేశారు. ఇంత మెత్తని మనసు మరో నాలుగేళ్లు మండలికి కావాలని తీర్మానం పెట్టారు. "వ్యతిరేకించేవారు చేతులెత్తండి" అనగానే ఎదుటి వర్గం జగదీష్ చెయ్యి పైకి లేచింది. కానీ గొర్రెను చంపమన్నవాడిగా మిగిలిపోతాననిపించి, ఆ చేత్తో తల గోక్కున్నాడు. తీర్మానం ఏకగ్రీవం.

డాక్టరుగారు మైకు అందుకున్నారు. "కొత్తతరానికి దారివ్వడం నా బాధ్యత. అందుకే మన శ్యామ్‌సుందర్‌ని యువజన విభాగం అధ్యక్షుడిగా నియమిస్తున్నాను!"

మళ్లీ చప్పట్లు.

మర్నాడు మధ్యాహ్నం లైబ్రరీ హాల్లో యువజన విభాగం తొలి సమావేశం. ఇస్త్రీ చొక్కా వేసుకుని శ్యామ్‌సుందర్ పావుగంట ముందే వెళ్లాడు. గుమ్మం దగ్గర ఆద్య అనే కాలేజీ అమ్మాయి పేర్లు రాసుకుంటోంది.

"హాయ్ అంకుల్. పేరెంట్స్‌కి సీటింగ్ బయట ఉంది."

"నేను ప్రెసిడెంట్‌నమ్మా."

"నో... ప్రెసిడెంట్ డాక్టర్ అంకుల్ కదా?" అంది ఆ పిల్ల, ఎంతో మర్యాదగా.

శ్యామ్‌సుందర్ చొక్కా సర్దుకున్నాడు. బయటికి వచ్చి, ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు.

"మీ పిల్లలు లోపలున్నారాండీ?" అని పక్కాయన పలకరించాడు.

"ఇంకా టైం పడుతుందండీ" అన్నాడు శ్యామ్‌సుందర్.