ఎవరూ చూడకుండా

నేను ప్రూఫ్ రీడర్ని. ముప్ఫై నాలుగేళ్లు ఇతరుల తప్పులు పట్టుకుని జీతం తీసుకున్నాను. నా తప్పులు పట్టుకునే ఉద్యోగం మా ఆవిడది. ఆ ఉద్యోగానికి జీతమూ లేదు, రిటైర్మెంటూ లేదు.

మొన్నొక ఆదివారం పొద్దున ఆవిడ నా ముందు కాఫీ పెట్టి, దాని పక్కన ఒక కరపత్రం పెట్టింది.

"చదవండి" అంది.

చదివాను. మా వీధి చివర ఉన్న పాత సినిమా హాలువాళ్లు వేయించింది. ముప్ఫై ఏళ్ల కిందట ఆడిన శవాల బండి సినిమా మళ్లీ ఆడిస్తున్నారు. శనివారం ఒక్కరోజే, మధ్యాహ్నం ఆట. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ రోజుల్లో సినిమా చూసినవాళ్లు అభిప్రాయాలు రాసిన పెద్ద పుస్తకం బీరువాలో దొరికిందట. దాన్ని వరండాలో బల్ల మీద పెడతారట. రాసినవాళ్లు వచ్చి తమ చేతిరాత చూసుకోవచ్చట.

"'ప్రేక్షకులు' బదులు 'ప్రేక్షుకులు' అని పడింది" అన్నాను.

"ఆ కొమ్ము సంగతి తర్వాత. వెళ్లి మీరు రాసిన మాట చూసొద్దాం. ముప్ఫై ఏళ్లుగా వినడమే గాని కంటితో చూసింది లేదు."

నాకు పొలమారింది. కారణం చిన్నదే. ఆ మాట నేను రాయలేదు.

ముందు సినిమా సంగతి చెప్పాలి. అందులో హీరో శవాల బండి తోలతాడు. హీరోయిన్‌ది బీమా కంపెనీలో ఉద్యోగం. పోయినవాళ్లు నిజంగానే పోయారా లేదా అని చూసి కాగితం మీద రాసుకుపోవడం ఆమె పని. ఇద్దరూ కలిసేది శవం దగ్గరే. అటు ఒకరు, ఇటు ఒకరు నిలబడి కళ్లతో మాట్లాడుకుంటారు. ఇంతలో ఊళ్లోకి ఒక మంచి డాక్టరు దిగుతాడు. చావులు ఆగిపోతాయి. హీరో విరహంతో చిక్కిపోయి, ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి "ఒంట్లో ఎలా ఉంది" అని ఆశగా అడుగుతుంటాడు. చివరికి తనే బండెక్కి శవంలా పడుకుంటాడు. ఆమె వచ్చి చూసి, కాగితం చింపేసి, పక్కన పడుకుని "ఇక పోనివ్వండి" అంటుంది. బండి తోలేవాడు లేడు. అక్కడ సినిమా అయిపోతుంది.

వాడు బతికున్నాడని హాల్లో సగం మంది, పోయాడని సగం మంది. పళ్ల డాక్టరు ఆ పుస్తకంలో "వైద్యుణ్ణి విలన్ చేసినందుకు ఖండిస్తున్నాను" అని రాశాడు. లెక్కల మాస్టారు "పోస్టరు మీద ఏడు శవాలన్నారు, తెర మీద తొమ్మిది వచ్చాయి" అని రాశారు. ఒక ఇల్లాలు "మా ఆయన సినిమా అంతా నిద్రపోయాడు, పదో శవం అనుకున్నాను" అని రాసింది.

నేను రాసింది ఇది: "సినిమా ఫరవాలేదు. సీటు నంబరు పద్నాలుగులో నల్లులున్నాయి." కింద పెద్ద సంతకం. పొద్దస్తమానం అచ్చులూ హల్లులూ చూసే మనిషికి ప్రేమకథలో నల్లులే కనిపించాయి.

ఆ హాలు కరపత్రాలు అప్పట్లో మా ప్రెస్సులోనే అచ్చయ్యేవి. వారానికోసారి ఆ పుస్తకం మా దగ్గరికి వచ్చేది. అందులో హాలు మేనేజరు టిక్కు పెట్టిన అభిప్రాయాలు నాలుగైదు కరపత్రం అడుగున వేసేవాళ్లం. కంపోజిటరు సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చేది. నేను ప్రూఫు దిద్దేవాణ్ణి. ప్రూఫ్ రీడరు ఎర్ర సిరాతో దిద్దాక కంపోజిటరు మారుమాట్లాడకూడదు, అది మా ప్రెస్సు రూలు. సిరా, సీసం, కిరసనాయిలు కలిసిన ఆ గది వాసన ఇప్పటికీ ఒక్కోసారి నా చొక్కాలోంచి వస్తున్నట్టే ఉంటుంది. ఆ గదంటే నాకు ప్రాణం.

ఆ వారం ప్రూఫులో సంతకం లేని అభిప్రాయం ఒకటి వచ్చింది. కంపోజింగులో పడ్డ ఒక తప్పు నేను దిద్దాక అది ఇలా ఉంది: "నవ్వుతూనే ఉన్నాను. లేచి బయటికి వస్తుంటే అనిపించింది, ఎవరూ చూడకుండా వాళ్లిద్దరికీ ఒక్క సాయంత్రం దొరికితే బాగుండు."

కంపోజిటరమ్మాయి కిటికీ దగ్గర నిలబడి, వేళ్లకంటిన సిరా గుడ్డతో తుడుచుకుంటూ, "ఇంత మంచి మాట ఎవరు రాశారంటారు?" అని అడిగింది.

ఆ అమ్మాయితో పనికి సంబంధం లేని మాట ఒక్కటి మాట్లాడాలని ఎనిమిది నెలలుగా చూస్తున్నాను.

"నేనే" అన్నాను.

ఆమె నా వంక చాలాసేపు చూసింది. మూడు నెలల్లో మా పెళ్లయింది.

అప్పట్నుంచి మా ఇంట్లో నాకన్నా ఆ వాక్యానికే మర్యాద ఎక్కువ. తడి తువ్వాలు మంచం మీద పడేస్తే "ఆ మాట రాసిన మనిషేనా" అంటుంది. పెళ్లిరోజు మర్చిపోతే "ఆ మాట రాసిన చెయ్యేనా" అంటుంది. ఆ మాట చూసే నన్ను చేసుకుందని నా నమ్మకం. అది నాది కాదని తేలిపోతే ఇన్నేళ్ల కాపురంలో నా వంతంటూ ఏం మిగులుతుంది? నవ్వులాటకు చెప్పడం లేదు, ఆ వారమంతా నిజంగానే భయపడ్డాను.

అందుకే ఒక పథకం వేశాను. పేజీ చింపితే దొంగతనం. పక్క పేజీకి అంటించేస్తే పాత కాగితం, అంటుకుపోయింది అంటారు. శనివారం పొద్దున గమ్ముసీసా జేబులో వేసుకున్నాను.

"కళ్లజోడు స్క్రూ ఊడింది. బాగు చేయించుకొస్తా" అన్నాను.

"నిన్న బాగానే ఉందిగా."

"ఊడేవి ముందు చెప్పి ఊడతాయా?"

"జేబులో అదేంటి?"

"గమ్ము."

"కళ్లజోడుకి గమ్మా?"

"స్క్రూ దొరక్కపోతే."

"సరే, వెళ్లిరండి" అని ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. అంత తేలిగ్గా వదిలేసిందేమిటా అని నేను అప్పుడే అనుమానించాల్సింది.

అబద్ధానికి బలం ఉండాలని స్క్రూ నిజంగానే ఊడదీశాను. హాలు చేరేసరికి ఒక అద్దం మురిక్కాలవలో ఉంది, రెండోది నా గుప్పిట్లో ఉంది.

వరండాలో ఎవరూ లేరు. బల్ల మీద పుస్తకం ఉంది. ఉన్న ఒక్క అద్దం కంటి దగ్గర పెట్టుకుని పేజీలు తిప్పాను. అక్షరాలు అలికినట్టున్నా, నా సంతకం మాత్రం దొరికింది. దాని కింద ఉన్నది చదివే తీరిక లేదు. సీసా వంచాను. రెండు చుక్కలు చాలు, సగం సీసా పడింది. గబుక్కున పేజీలు మూసి గట్టిగా అదిమాను. తర్వాత తెలిసింది, చొక్కా చెయ్యి కూడా లోపలే ఉండిపోయిందని.

అప్పుడే నా మొహం మీద వెలుగు పడింది. టార్చి బాబాయి. ఒకప్పుడు హాలు గేటు దగ్గర ఉండేవాడు. సీట్లు చూపించమని ఇచ్చిన టార్చి తీసుకెళ్లి జంటల మొహాల మీద వేసేవాడు. ఇప్పుడు మేనేజరయ్యాడు. పట్టపగలు కూడా ఆ టార్చి వదల్లేదు.

"ఎవరు నాయనా, పుస్తకంలో చెయ్యి పెట్టావు?"

"ప్రెస్సు ప్రూఫ్ రీడర్ని బాబాయ్. తప్పులు చూస్తున్నాను."

"ముప్ఫై ఏళ్ల తర్వాతా?"

"పని కొంచెం మిగిలిపోయింది."

గమ్ము పూసినవాడు గమ్మునుండాలి. నేను ఉండలేదు. "జనం తిప్పితే పేజీలు చిరిగిపోతాయి. నేనిక్కడే కూర్చుని అందరికీ చూపిస్తాను" అన్నాను. లేచి వెళ్లే దారి ఎలాగూ లేదు. బాబాయి మహదానందంగా కుర్చీ తెచ్చి వేశాడు.

గంట తిరక్కుండా వరండా నిండిపోయింది. ఎడమచేత్తో పేజీలు తిప్పుతూ, అదే చేత్తో అద్దం పట్టుకుని చదివి వినిపిస్తూ కూర్చున్నాను. లెక్కల మాస్టారు కర్ర పొడుచుకుంటూ వచ్చారు.

"తొమ్మిదనే రాశానా?"

"తొమ్మిదే మాస్టారూ."

"ఆఖర్న పడుకున్నవాడితో పది అని మా తమ్ముడి వాదన. హీరో బతికున్నాడని ఈసారి తేల్చేస్తాను" అని హుషారుగా లోపలికి నడిచారు.

ఆయన వెనక ఒక పెద్దావిడ వచ్చింది. ఒంటరిగా వచ్చింది. నేను చదివాను. "మా ఆయన సినిమా అంతా నిద్రపోయాడు, పదో శవం అనుకున్నాను." ఆవిడ పకపకా నవ్వింది. తర్వాత కొంగుతో కళ్లొత్తుకుని, "పక్క సీటు కూడా నేనే తీసుకున్నాను బాబూ. ఆ గురక వినపడితే బాగుండు" అంది. ఇంకోసారి చదవమంది. చదివాను.

ఆ తర్వాత బల్ల ముందు ఒక చేతిసంచి ఆగింది. ఆ సంచి నాకు బాగా తెలుసు.

"నాకూ ఒకటి వెతికిపెట్టండి సార్" అంది మా ఆవిడ.

"ఆ పేజీ అంటుకుపోయిందోయ్. పాత కాగితం కదా."

ఆవిడ వేలితో అంచు తాకి చూసింది. "ముప్ఫై ఏళ్ల గమ్ము ఇంకా తడిగా ఉందే."

జడపిన్ను తీసింది. ఒకప్పుడు సీసం అక్షరాలు ఏరిన వేళ్లు అవి. రెండు నిమిషాల్లో పేజీలు విడదీసింది, మధ్యలోంచి నా చొక్కా చెయ్యి కూడా ఊడబీకింది.

"ఎవరో నల్లుల గురించి రాశారు. ఈ సంతకం ఎక్కడో చూసినట్టుంది" అంది. వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. బాబాయి టార్చి ముందు సంతకం మీద, తర్వాత నా మొహం మీద వేశాడు.

"దాని కింద ఉన్నది చదవండి."

ఇక తప్పించుకునే దారి లేదు. అద్దం పెట్టుకుని చదివాను. "నవ్వుతూనే ఉన్నాను. లేచి బయటికి వస్తుంటే అనిపించింది, ఎవరూ చావకుండా..."

ఆగిపోయాను. ముప్ఫై నాలుగేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది. భయమంతా మర్చిపోయి జేబులోంచి ఎర్ర పెన్ను తీశాను.

"ఇక్కడ తప్పు పడింది. చావకుండా కాదు, చూడకుండా."

"ఒకసారి దిద్దారుగా. మళ్లీ ఎందుకు?" అంది ఆవిడ.

అప్పుడు చూశాను ఆ చేతిరాత. 'చావకుండా'లో వకారానికి చిన్న తోక ఉంది. ప్రతి నెలా సరుకుల చీటీలో 'ఆవాలు' దగ్గర వచ్చే తోక అది.

"నువ్వా?"

"నేనే" అంది. ముప్ఫై ఏళ్ల కిందట నేనన్నట్టే అంది.

"మరి ఎవరు రాశారని నన్నెందుకు అడిగావు?"

"తిడదామని వచ్చాను. నేను సరిగ్గా రాసి, సరిగ్గా పేర్చిన మాటని పుస్తకం వంకైనా చూడకుండా కొట్టేశారు. రూలు ప్రకారం తిట్టకూడదు. అందుకని అడిగాను. మీరేమో నేనే అన్నారు."

"అబద్ధమని తెలిసీ నన్ను చేసుకున్నావా?"

"అబద్ధానికి చేసుకోలేదు. చావు అన్న మాట కనపడితే అక్షరం తప్పు పడిందనుకుని, ఎవరూ చూడకుండా అని దిద్దారే, దానికి చేసుకున్నాను. ఎనిమిది నెలలుగా నా కిటికీ వైపు ఎందుకు చూస్తున్నారో ఆ దిద్దుబాటుతో తెలిసింది."

నాకు కళ్లు చెమర్చాయి. చొక్కా చేత్తో తుడుచుకోబోతే అది గమ్ముతో అట్ట కట్టుకుపోయి బుగ్గ గీరుకుంది.

"ఇన్నేళ్లూ ఒక్కసారైనా చెప్పలేదేం?"

"చెప్పేస్తే తడి తువ్వాలు దగ్గర ఏమని అడగను?"

లోపలికి వెళ్లాం. పద్నాలుగో నంబరు సీట్లో తానే కూర్చుంటానంది, నిజానిజాలు తేలాలట. కళ్లజోడు లేక నాకు తెర మీద మసక తప్ప ఏమీ కనిపించలేదు. ఆవిడ నా చెవి దగ్గరికి వంగి ఆట మొత్తం చెప్పింది. అప్పుడు నల్లుల గొడవలో పడి నేను చూడనివన్నీ ఈసారి విన్నాను. ముందు వరసలో ఆ పెద్దావిడ పక్క సీటు ఖాళీగా ఉంది. మధ్యలో ఒకసారి మా ఇద్దరి మీద టార్చి పడింది.

"మాకు వయసైపోయింది బాబాయ్" అన్నాను.

"ఈ టార్చికి కాలేదు" అన్నాడు చీకట్లోంచి.

ఆట వదిలేసరికి సాయంత్రమైంది. వరండాలో బల్ల మీద కొత్త పుస్తకం పెట్టారు. ఆవిడ నా జేబులోంచి ఎర్ర పెన్ను లాక్కుని రాసి, పుస్తకం నా వైపు తిప్పింది. అద్దం పెట్టుకుని చదివాను. "నవ్వుతూనే ఉన్నాను. లేచి బయటికి వస్తుంటే అనిపించింది, ఎవరూ చూడకుండా వాళ్లిద్దరికీ ఒక్క సాయంత్రం దొరికితే బాగుండు."

"సంతకం పెట్టండి. వాక్యమంతా ముప్ఫై ఏళ్లు వాడుకున్నారు. ఇందులో మీదంటూ ఉన్నది ఆ ఒక్క మాటే. దానికైనా పెట్టండి."

తప్పులున్నాయేమోనని అలవాటు కొద్దీ రెండుసార్లు చూసి, సంతకం పెట్టాను. ఈసారి చిన్నగా పెట్టాను.

ఆవిడ పెన్ను మళ్లీ తీసుకుంది. నా సంతకం కింద "సీటు నంబరు పద్నాలుగులో నల్లులు ఇంకా ఉన్నాయి" అని రాసి, తన పేరు పెట్టింది.