మేడ మీద ఉరుము

ఆదివారం ఉదయం కళ్ళజోళ్ళాయన పెట్టుకున్న పని చాలా చిన్నది. స్నేహితుడు విని చూడమని రెండు పాత యాంప్లిఫయర్లు ఇచ్చాడు. ఒకటి ట్రాన్సిస్టర్లది, రెండోది గాజు వాల్వులది. రెండూ చౌకరకమే. నచ్చింది ఉంచుకుని, మిగిలింది సాయంత్రానికి తిరిగి ఇచ్చెయ్యాలి.

చిక్కల్లా కింది వాటాలో ఉండే ఇంటి ఓనరుతోనే. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. మేడ మీద చప్పుడైతే ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందేనని నిన్ననే తేల్చి చెప్పాడు. కాళ్ళరిగేలా తిరిగితే దొరికిన ఇల్లది. వంటింట్లోకి ఎండ వచ్చే ఇల్లు చూడటం కళ్ళజోళ్ళాయన భార్యకు అదే మొదటిసారి.

అందుకని సౌండు బాగా తగ్గించి, ఏ పెట్టె పలుకుతోందో కనిపించకుండా భార్యను గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, గాలివాన శబ్దాల రికార్డు పెట్టాడు. ట్రాన్సిస్టర్ల పెట్టె స్విచ్చి నొక్కగానే ఉరిమింది.

"ఎలా ఉంది?" తన కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు మార్చి అడిగినట్టే అడిగాడు.

"ఉరుములాగే ఉంది. పొయ్యి మీద పాలున్నాయండీ."

కింది నుంచి కర్రతో టకటకా పొడిచిన చప్పుడు. "ఏమయ్యా కళ్ళజోళ్ళూ! ఆ డబ్బా ఉరుములేంటి? ఇదే ఆఖరిసారి!"

"ఇక చాలండీ, మీకు దణ్ణం పెడతాను" అని భార్య పాలు దించడానికి లేచింది.

"రెండోది వినకుండా ఎలా తేలుతుందే? గుసగుసలాగా పెడతాను."

వాల్వుల పెట్టె వేశాడు. చప్పుడు లేదు. సౌండు కాస్త పెంచాడు. ఊహూఁ. ఇంకాస్త, చివరికి మొత్తం తిప్పేశాడు. అదీ పని చెయ్యకపోయేసరికి వైరు ఊడిందేమోనని బల్ల కింద దూరాడు. వాల్వులు వేడెక్కితే గానీ పలకవని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

అవి వేడెక్కాయి. కిటికీలు అదిరేలా ఉరిమింది. ఆయన కంగారులో లాగిన ప్లగ్గు ట్రాన్సిస్టర్లది కావడంతో రెండో ఉరుము మొదటిదాన్ని మించింది. భార్య వంటింట్లోంచి పరుగున వచ్చి అసలు ప్లగ్గు పీకింది.

మెట్ల మీద దబదబా అడుగులు. "అయిపోయింది మన పని" అంటూ ఆవిడ తలుపు తీసింది. హెడ్మాస్టరు ఆగకుండా డాబా మీదికి పరిగెత్తి, ఎండబెట్టిన పరుపుతో దిగి వచ్చి ఆవిడ చేతుల్లో పెట్టాడు.

"చూస్తావేంటమ్మా, పట్టు! ఉరుము వినలేదూ?"

వీధిలో అందరూ తీగల మీది బట్టలు లాగేస్తున్నారు. నిజం చెప్పే ధైర్యం మొగుడికీ లేదు, పెళ్ళానికీ లేదు. ముగ్గురూ కలిసి పరుపులన్నీ కిందికి చేరవేశారు. హెడ్మాస్టరు వాకిట్లో నిలబడి ఆకాశం వైపు చూశాడు. ఎండ ఫెళ్ళున కాస్తోంది, ఓ మూల మాత్రం కాస్త మబ్బుంది.

"ఉరిమింది కదా?" అన్నాడు అనుమానంగా.

"ఉరిమిందండీ" అంది ఆవిడ.

ఆయన కళ్ళు మెల్లగా మేడ వైపు తిరిగాయి. ఆ మబ్బు ఎప్పుడు కమ్ముకుందో గానీ, సరిగ్గా అప్పుడే ఆయన బట్టతల మీద ఒక చుక్క పడింది. వెనకే జోరున వాన. దంపతులు బతుకుజీవుడా అనుకున్నారు. ఆవిడకైతే ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"నా పరుపులు దక్కాయి" అని హెడ్మాస్టరు కూడా తేలికపడ్డాడు. "మీరూ మంచివాళ్ళే. ఉండండి, ఇల్లేమీ ఖాళీ చెయ్యక్కర్లేదు."

అంతలో ఆకాశం నిజంగానే ఉరిమింది. హెడ్మాస్టరు మొహం చిట్లించాడు.

"ఇది మాత్రం నీ డబ్బాయే. పోయి ఆపు."

కళ్ళజోళ్ళాయన వినయంగా మేడెక్కి, ఎప్పుడో ఆగిపోయిన ట్రాన్సిస్టర్ల పెట్టెను మరోసారి ఆపి వచ్చాడు.