ఆరు బంతులు, గంగ తన్ను

సంతకం పెట్టనని నేను ఎక్కడా అనలేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. మా ఆవిడ సుశీల ఎదురుగా కూర్చుని "పెట్టను" అనగలిగే మగవాడు ఇంకా పుట్టలేదు. పుట్టినా వాడు నేను మాత్రం కాదు.

పురానాపూల్ దగ్గర మా గల్లీలో పాల బాలరాజ్ ఇల్లెక్కడంటే ఎవరైనా చూపిస్తారు. నా వెనకాల మాత్రం భయంరాజ్ అంటారు. అందులో అబద్ధమేమీ లేదు లెండి. నాకు బల్లి అంటే భయం, లిఫ్ట్ అంటే భయం, పోలీసులు పక్కవాడి బండి ఆపినా నాకే చెమటలు పడతాయి. ఇవి అందరికీ తెలిసిన భయాలు. ఎవరికీ చెప్పని భయం ఒకటుంది. అది మా గంగ.

మా కొట్టంలో నాలుగు బర్రెలు. వాటిలో పెద్దది గంగ. నాలుగేళ్ల కింద పాలు పిండుతుంటే వెనక కాలితో ఒక్క తన్ను తన్నింది. నేనో దిక్కు, బకెట్ ఓ దిక్కు పడ్డాం. బకెట్‌కు సొట్ట ఇప్పటికీ ఉంది. ఆ రోజు నుంచి మళ్లీ దాని కింద కూర్చోలేదు. ఇంట్లో మాత్రం నడుము పట్టేసిందని చెప్పాను. నడుము నొప్పిలో ఉన్న సుఖమేమిటంటే అది ఎవరికీ కనబడదు.

మిగతా మూడింటినీ సుశీల పిండుతుంది. గంగ మా అమ్మాయి పూజిత వంతుకు వచ్చింది. గంగకు మనిషి అలవాటు కావాలి. అలవాటైన చేయి తగిలితేనే చేపుతుంది, పాలు ధారగా దిగుతాయి. లేకపోతే పొదుగులోనే దాచుకుంటుంది. నాలుగేళ్లు ఉదయం, సాయంత్రం గంగను పిండీ పిండీ పూజిత వేళ్లు ఎంత గట్టిపడ్డాయంటే, మూత బిగుసుకున్న పచ్చడి సీసాలన్నీ గల్లీవాళ్లు మా ఇంటికే పట్టుకొస్తారు.

ఆ వేళ్లే కొంప ముంచాయి. పూజిత ఇంటర్ రెండో సంవత్సరం. కాలేజీ జట్టులో లెగ్ స్పిన్ వేస్తుంది. ఆ వేళ్ల మధ్యనుంచి బంతి బొంగరంలా తిరుగుతూ పోతుందట. పందొమ్మిదేళ్లలోపు అమ్మాయిలకు ఎంపిక పోటీలున్నాయని వాళ్ల కోచ్ ఒక ఫారం ఇచ్చాడు. ఎంపికైతే ఊరి బయట పాతిక రోజులు శిబిరం. మంగళవారం అన్నం తింటుంటే ఆ ఫారం నా పళ్లెం పక్కకు వచ్చింది. సోమవారంలోగా ఇవ్వాలట.

తల్లి సంతకమైనా చెల్లుతుందని, తనే పెట్టేస్తానని సుశీల అంది. పూజిత ఒప్పుకోలేదు.

"బాపు పెడితేనే పోత. లేకుంటే లేదు," అంది.

ఆ మాటకు ఏ తండ్రికైనా కళ్లలో నీళ్లు తిరగాలి. నాకు మాత్రం గంగ వెనక కాలు కనబడింది. సుశీలకు మూడింటితోనే సరి, పూజిత పోతే గంగ నా వంతే. పాతిక రోజులు, రోజుకు రెండుసార్లు. లెక్క వేయకముందే ఆ ఫారాన్ని పళ్లెం కిందికి తోశాను.

కాదనే ధైర్యం లేనివాడు షరతు పెడతాడు. నేనూ పెట్టాను. బయట పెద్ద పెద్ద ఆటగాళ్లుంటారు, పిల్ల తట్టుకుంటుందో లేదో తండ్రిగా చూసుకోవాలి కదా అన్నాను. శనివారం సాయంత్రం మన గల్లీలోనే నాకు ఆరు బంతులు వెయ్యి, అవుట్ చేస్తే సంతకం, నేను నిలబడితే వచ్చే ఏడు చూద్దామన్నాను. మన గల్లీలో ఎల్బీడబ్ల్యూ లేదన్న సంగతి కూడా గుర్తు చేశాను. అంటే కాళ్లు అడ్డం పెట్టి ఆరు బంతులు గడిపేస్తే చాలు.

పూజిత సరేనంది. సుశీల నా పళ్లెంలో ఇంకొంచెం పప్పు వేసింది.

"అయితే ఎన్క కీపరుగ నేను నిలబడుత," అంది.

నేను నవ్వాను. నాతో పాటు ఎవరూ నవ్వలేదు.

మరుసటి రోజే వెళ్లి వాహెద్ భాయ్ దగ్గర కూర్చున్నాను. అబ్దుల్ వాహెద్ మా గోడ పక్కింటాయన. చార్మినార్ దగ్గర లక్క గాజులు చేస్తాడు. క్రికెట్ మ్యాచ్ ఏ దేశంలో జరిగినా ఆయన దుకాణపు పరదా వెనక టీవీ మోగుతూనే ఉంటుంది. ఇప్పుడొస్తున్న స్పిన్ పిల్లలు మన కాలంలోలా ఒక్క బంతిని నమ్ముకోరని ఆయన చెప్పాడు. ఒకటి బయటికి తిప్పుతారు, అదే చేత్తో ఇంకొకటి లోపలికి తెస్తారు, మూడోది తిరుగుతుందనుకుంటే సూటిగా దూసుకొస్తుందట. ఒక్కొక్కటి చెబుతూ వేడి లక్క గాజును వేళ్లతో తిప్పి చూపించాడు.

"బంతిని చూడకు భాయ్, మణికట్టు చూడు. చెయ్యి ఎన్కభాగం నీకు కనబడ్డదంటే గూగ్లీ. లోపలికొస్తది."

కనబడకపోతే ఏం చేయాలని అడిగాను. దువా చేసుకోమన్నాడు. అంపైరుగా ఉండమంటే ఉంటానన్నాడు. ఒకవేళ పరిస్థితి అటూ ఇటూ అయితే కొంచెం నా వైపు చూడమని గొణిగాను. నమాజ్ చేసే చేయి అబద్ధానికి లేవదని ఖరాఖండిగా చెప్పేశాడు.

ఇక మిగిలింది గూఢచర్యం. పూజిత రోజూ సాయంత్రం మా కొట్టం ముందున్న గల్లీలోనే సాధన చేస్తుంది. సుశీల బంతులు అందిస్తుంది. బుధవారం నేను ముందే కొట్టంలోకి దూరి, గడ్డిమోపుల వెనక గొంతుక్కూర్చుని తడిక సందులోంచి చూశాను. నా ఎడమ చెవికి జానెడు దూరంలో గంగ నెమరువేస్తోంది. అది ముక్కుతో ఊపిరి వదిలినప్పుడల్లా నేను పీల్చుకోవడం మానేశాను. సాధన అయిపోగానే పూజిత నేరుగా పాలు పిండడానికి లోపలికొచ్చింది. నేను బయటికి రాలేక అక్కడే ఇరుక్కుపోయాను. గంగ పిండించుకున్నంతసేపూ మెడ తిప్పి నన్నే చూసింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర గంగ పాలు తగ్గాయని సుశీల అంది. ఎండలు కదా అన్నాను.

గురువారమూ అంతే. పాలు ఇంకా తగ్గాయి, ఎండలు ఇంకా ముదిరాయన్నాను. చూసిందేమైనా ఉందా అంటే అదీ లేదు. బంతి వేసేటప్పుడు పూజిత చెయ్యి ఎప్పుడు ఎటు తిరుగుతుందో నా కళ్లకు అందలేదు. శుక్రవారం మాత్రం నా అదృష్టం మారింది. పిల్లకు ఒక అలవాటుందని కనిపెట్టాను. బంతి బయటికి తిప్పే ముందు చేతిని చున్నీకి తుడుచుకుంటుంది. లోపలికి తెచ్చే ముందు వేళ్ల మీద ఊదుకుంటుంది. ఏదీ చేయకపోతే సూటి బంతి. ప్రతిసారీ అంతే, ఒక్కసారి కూడా తప్పలేదు. ఆనందంతో లేవబోయి గంగ కళ్లు చూసి మళ్లీ కూర్చున్నాను.

శనివారం సాయంత్రం గల్లీ అంతా గడపల మీదికొచ్చింది. నేను స్కూటర్ హెల్మెట్ పెట్టుకున్నాను, కాళ్లకు గోనెసంచులు కట్టుకున్నాను, చొక్కా లోపల దిండు దోపుకున్నాను. పాల క్రేటును నిలబెట్టి అదే వికెట్ అన్నారు. బంతి చూస్తే అసలుసిసలు తోలు బంతి. ముట్టుకుని చూశాను, మా రుబ్బురోలు పొత్రం దానికంటే మెత్తగా ఉంటుంది.

మొదటి బంతికి పూజిత చున్నీకి చెయ్యి తుడుచుకుంది. బయటికి పోతుందని వదిలేశాను. నిజంగానే బయటికి పోయింది. రెండోదానికి వేళ్ల మీద ఊదుకుంది, నేను కాలు అడ్డం పెట్టాను, గోనెసంచికి తగిలి ఆగింది. ప్రాణం కూడా ఒక క్షణం ఆగింది. మూడోది సూటిగా వచ్చింది, బ్యాటు దానంతటదే అడ్డం వచ్చింది. నాలుగు, అయిదు కూడా నేను అనుకున్నట్టే వచ్చాయి. గల్లీవాళ్లు నన్ను కొత్తగా చూడటం మొదలుపెట్టారు. నన్ను నేను కూడా అలాగే చూసుకున్నాను.

ఇక ఒక్కటే బంతి. అప్పుడు పూజిత ముఖం చూశాను. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఇది తప్పితే తను వెళ్లదు. మాటంటే మాటే, ఆ మొండితనం వాళ్లమ్మది. ఒక్క క్షణం నా గుండె కలుక్కుమంది. వెంటనే గంగ కొట్టంలోంచి అరిచింది, గుండె మళ్లీ గట్టిపడింది.

వెనకనుంచి సుశీల మెల్లగా, నాకు మాత్రమే వినబడేలా అంది.

"ఐదు బంతులు దాక్కుంటివి. గల్లంత సూస్తున్నది. ఒక్కటన్న కొడతవా, గట్లనే గోనెసంచిలెక్క నిలబడతవా?"

పూజిత చేతిని చున్నీకి తుడుచుకుంది. బయటికి పోయే బంతి. నాకు తెలిసిన బంతి. పందొమ్మిదేళ్ల కాపురంలో సుశీల ముందు ఒక్కసారైనా మగాడిలా కనబడదామని ముందుకు ఉరికాను. బంతి చేతిలోంచి వస్తుంటే ఆమె చెయ్యి వెనకభాగం నాకు స్పష్టంగా కనబడింది. వాహెద్ భాయ్ మాట గుర్తుకొచ్చేసరికి నేను గీత దాటి రెండడుగులు పోయాను. బంతి బయటికి పోలేదు. లోపలికి తిరిగి, బ్యాటుకూ దిండుకూ మధ్యనుంచి దూరి వెనక్కి పోయింది. క్రేటు టక్కుమన్న చప్పుడైంది.

తిరిగి చూస్తే సుశీల బంతి పట్టుకున్న చేతిని క్రేటుకు ఆనించి నిలబడి ఉంది. స్టంపౌట్. వాహెద్ భాయ్ నమాజ్ చేసే చేయి పైకి లేచింది.

మోసమన్నాను. పిల్ల తుడుచుకుంటే బంతి బయటికి పోవాలి కదా అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

"మూడు రోజులు గంగ పాలు చేపలేదు," అంది సుశీల, చేతులు దులుపుకుంటూ. "కొట్టంల పరాయి మనిషి ఉంటేనే అది పాలు దాసుకుంటది. నాలుగేండ్ల సంది దాని దిక్కు రాకపోతివి. దానికి నువ్వే పరాయోనివి. రెండో దినమే సమజైంది మాకు. మూడో దినం ఊదుడు, తుడుసుడు అంత నీ కోసమే."

గల్లీ నవ్వింది. సుశీల నవ్వలేదు.

"నడుము నొప్పోడు గడ్డిమోపు ఎన్క గంటసేపు గొంతుక్కూసుంటడా?"

నేను హెల్మెట్ అద్దం దించుకున్నాను. ఫారం తెచ్చి క్రేటు మీద పెట్టారు. ఆ అద్దంలోంచే చూస్తూ సంతకం పెట్టేశాను.

పూజిత ఎంపికైంది. శిబిరానికి వెళ్లే ముందురోజు సాయంత్రం నన్ను చెయ్యి పట్టుకుని కొట్టంలోకి తీసుకెళ్లింది. ముందు పేరు పెట్టి పిలవమంది, మెడ నిమరమంది. వేళ్లు వణికితే గంగకు తెలిసిపోతుందని చెప్పింది.

"నీకు భయం కాదా బిడ్డా?" అని అడిగాను.

"ఆరో బంతికి నాకు గూడ వేళ్లు వణికినయ్ బాపు. మస్తు భయమైంది. నువ్వు చున్నీనే సూసినవ్ గని నా వేళ్లు సూడలే, గందుకే బతికిన," అంది.

గంగ మెడ మీద చెయ్యి వేసి అలాగే ఉంచాను.

మరునాడు తెల్లారేసరికి పూజిత బస్సెక్కేసింది. నేను స్కూటర్ హెల్మెట్ పెట్టుకుని, సొట్ట బకెట్ మోకాళ్ల మధ్య ఇరికించుకుని గంగ కింద కూర్చున్నాను. తలుపు దగ్గర సుశీల చేతులు కట్టుకుని నిలబడి నడుము ఎట్లున్నదని అడిగింది. మస్తుగుందని చెప్పాను. గోడమీదినుంచి వాహెద్ భాయ్ తొంగిచూశాడు.

"బాలరాజ్ భాయ్, ఈ మ్యాచ్‌ల ఎల్బీడబ్ల్యూ ఉన్నదా, లేదా?"

ఉందని నేను అనలేదు, లేదనీ అనలేదు. అప్పటికే గంగ వెనక కాలు లేచింది.