ఆకుపచ్చ గొడుగు మనిషి

ఎనిమిదో తరగతికి కంప్యూటర్లు చెప్పే టీచరమ్మ ఆ గురువారం ఉదయం మంచి హుషారుగా లేచింది. రెండో పీరియడ్‌లో కొత్త పాఠం మొదలుపెట్టాలి. ఫోన్లో వచ్చే అబద్ధాన్ని గుర్తుపట్టడం ఎలా, పదిమంది కలిసి ఒకరి మీద పడి తిడుతుంటే మనమేం చేయాలి అన్నది పాఠం. పుస్తకంలో ఇచ్చిన ఉదాహరణ చదువుతుంటే ఆమెకే ఆవలింత వచ్చింది. పిల్లలు ఏకంగా నిద్రపోతారని భయపడి, తనే ఒక ఉదాహరణ రాసుకుంది.

నిజంగా తిరుగుతున్న పుకారు తీసుకుంటే నిజమైన మనిషి ఎవరో నొచ్చుకుంటారు. అందుకని ఎక్కడా లేని మనిషిని ఒకణ్ణి ఆలోచించి మరీ కల్పించింది. ఎర్రటి పెద్ద అక్షరాల్లో ఇలా అచ్చు తీసింది: "జాగ్రత్త!!! ఆకుపచ్చ గొడుగు మనిషి కనిపిస్తే దూరంగా జరగండి. ఆ గొడుగు కిందికి వెళ్తే మీ ఫోన్లోని ఫోటోలన్నీ గొడుగులోకి వెళ్లిపోతాయి. జూన్ 31న ఒక్కరోజే వందకు నూట పదిమంది నష్టపోయారు. అంతర్జాతీయ గొడుగుల పరిశోధన సంస్థ. వెంటనే పదిమందికి పంపండి." అడుగున చిన్న అక్షరాల్లో, "ఇది తరగతి కోసం అల్లిన అబద్ధం. ఇందులో అయిదు తప్పులు కనిపెట్టండి" అని రాసింది.

ముప్పై కాగితాలు సంచిలో పెట్టుకుంది. ఒకటి ఎక్కువైతే భోజనాల బల్ల మీద వదిలేసి, సగం తాగిన టీ కప్పు దాని మీదే పెట్టి స్నానానికి వెళ్లింది.

ఆ బల్ల దగ్గరికి అత్తగారు వచ్చారు. ఆవిడ ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. ఒకరి మాట ఇంకొకరికి ఆలస్యం లేకుండా చేరవేయడం ఆవిడ ఉద్యోగం. ఉద్యోగం పోయినా అలవాటు పోలేదు. కళ్లజోడు లేకపోయినా ఎర్ర అక్షరాలు కనబడ్డాయి. చిన్న అక్షరాల మీద కప్పు సాసరు కూర్చుని ఉంది. "అయ్యో, నా పెళ్లి ఫోటోలు కూడా ఈ ఫోన్లోనే ఉన్నాయే" అనుకుని, కాగితాన్ని ఫోటో తీసి, తమ బిల్డింగు గ్రూపులో పెట్టేశారు. ఆ గ్రూపులో నలభై రెండు ఇళ్లవాళ్లు ఉన్నారు.

టీచరమ్మ తడిసిన జుట్టు ముడివేసుకుని బడికి వెళ్లేసరికి స్టాఫ్ రూములో సైన్సు మాస్టారు అదే కాగితాన్ని తన ఫోన్లో అందరికీ చూపిస్తున్నారు.

"మాస్టారూ, అది నేను రాసిందండీ" అంది టీచరమ్మ నవ్వుతూ.

"మీరా? ఇక్కడ అంతర్జాతీయ సంస్థ అని ఉంది కదమ్మా."

"ఆ సంస్థ కూడా నేనే."

సైన్సు మాస్టారు ఆమెను జాలిగా చూశారు. "పొద్దున్నే ఏం జోకులమ్మా! గొడుక్కి లోహపు ఊచలుంటాయా లేదా? సూత్రప్రకారం ఎంతవరకు సాధ్యమో నేనూ ఆలోచిస్తున్నాను."

టీచరమ్మ తన సంచిలోంచి కాగితం తీసి, చిన్న అక్షరాల మీద వేలు పెట్టి చూపించింది. అంతలో లోపలికి వచ్చిన హెడ్‌మిస్ట్రెస్ ఆ కాగితాన్ని అందుకుని ఎర్ర అక్షరాల వరకు చదివి తిరిగి ఇచ్చేసింది.

"మీకూ వచ్చిందన్నమాట! చూశారా, ఎంత దూరం పాకిందో."

"మేడమ్, ఇది అబద్ధం. నేనే..."

"అబద్ధమైతే మంచిదే. నిజమైతే? బయట వాన పడుతోంది, అందరి చేతుల్లోనూ గొడుగులే. ఎందుకొచ్చిన గొడవ? ఇవాళ్టికి బడిలో గొడుగులు వద్దని నోటీసు పెట్టిస్తాను. జాగ్రత్త పడితే పోయేదేముంది?"

పోయిందల్లా పిల్లల ఒంటి మీది పొడిదనమే. గొడుగులన్నీ గేటు దగ్గర కుప్పపోసి, పిల్లలు తడుచుకుంటూ తరగతులకు వెళ్లారు. బడి స్టాంపు వేసిన ఆ నోటీసును పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లిదండ్రులు ఫోటో తీసుకున్నారు. అంతవరకూ అది ఒట్టి మాట. ఆ తర్వాత అది "బడివాళ్లే చెప్పారట" అయింది.

రెండో పీరియడ్‌లో మాత్రం పాఠం బ్రహ్మాండంగా సాగింది. పిల్లలు ఏడు నిమిషాల్లో అయిదు తప్పులూ పట్టేశారు. జూన్‌కు ముప్పై ఒకటో తేదీ లేదు. వందకు నూట పదిమంది ఉండరు. గొడుగుల పరిశోధన సంస్థ కోసం వెతికితే ఒక గొడుగుల కొట్టు దొరికింది. గొడుగు ఫోటోల్ని లాగదు. పదిమందికి పంపమని తొందరపెట్టే మాటను అసలే నమ్మకూడదు. అక్కడితో అయిపోయిందనుకుంటే, ముందు బెంచీలో కూర్చునే పిల్ల లేచి నిలబడింది. రోజుకు ఇరవై ప్రశ్నలు తగ్గకుండా అడుగుతుంది కనుక బడిలో ఆమెను అందరూ ప్రశ్నల పిల్ల అంటారు.

"టీచర్, ఆరో తప్పు కూడా ఉంది. ఊళ్లోవాళ్ల ఫోటోలన్నీ అతనికెందుకు? మా నాన్న టూరు ఫోటోలు చూపిస్తానంటే ఇంట్లోవాళ్లమే పారిపోతాం."

తరగతి గొల్లుమంది. టీచరమ్మ కూడా నవ్వింది. ప్రశ్నల పిల్ల మాత్రం కూర్చోలేదు.

"ఇంకోటి టీచర్. మలుపులో కొత్తగా వచ్చిన తాళాల మేస్త్రి లేడూ, అతని గొడుగు ఆకుపచ్చదే."

టీచరమ్మకు ఆ సంగతే తెలియదు. ఆమె రోజూ వెనక వీధిలోంచి వస్తుంది. మలుపు వైపు వెళ్లి నెల దాటింది. తాళాల మేస్త్రి అక్కడ పెట్టె, సానబండ పెట్టుకుని, పెద్ద గొడుగు పాతుకుని కూర్చుని ఇరవై రోజులే అయిందట.

విరామం బెల్లు కొట్టగానే బిల్డింగు గ్రూపులో సవరణ రాసింది: "ఆకుపచ్చ గొడుగు మనిషి గురించి పొద్దుట్నుంచి అందరికీ వస్తున్న హెచ్చరిక పూర్తిగా అబద్ధం." ఫోను తెర మీద పైకి కనిపించేది సగం వాక్యమే. "ఆకుపచ్చ గొడుగు మనిషి గురించి పొద్దుట్నుంచి అందరికీ వస్తున్న హెచ్చరిక" అన్నంతవరకు చదివిన వాళ్లు, ఓహో మళ్లీ హెచ్చరించారు అనుకుని ఇంకా పదిమందికి పంపారు. మొత్తం చదివిన ఏకైక వ్యక్తి బిల్డింగు సెక్రటరీ. ఆయన కింద ఇలా రాశాడు: "అబద్ధమని ఇంత గట్టిగా చెప్తున్నారంటే ఏదో ఉంది. టీచరమ్మకు ఆ మనిషి ఏమవుతాడో?"

మధ్యాహ్నానికి జవాబు కూడా దొరికింది. మేనమామ కొడుకు అవుతాడట. ఎవరో తాళాల మేస్త్రిని దూరం నుంచి ఫోటో తీసి పెట్టారు. "ఇతనే. తాళాలు కూడా చేస్తాడట, చూసుకోండి." ఆ తర్వాత "ఇలాంటివాళ్లను రానిచ్చిందెవరు?" అని ఒకరు, "చూపే బాగాలేదు" అని ఇంకొకరు రాశారు. పొద్దున ఆ చేతులకే తాళంచెవులు ఇచ్చి చేయించుకున్నవాళ్లు కూడా అందులో ఉన్నారు. చివరికి సెక్రటరీ తీర్మానం ప్రకటించాడు: "నాలుగింటికి అందరం మలుపు దగ్గరికి వెళ్లి ఖాళీ చేయిద్దాం."

మూడున్నరకు బడి వదిలారు. టీచరమ్మ గేటు దాటి పరుగులాంటి నడక అందుకుంది. తను లోకంలో లేని మనిషిని కల్పించానని ఎంత మురిసిపోయింది! ఆ మనిషి ఇరవై రోజులుగా మలుపులో కూర్చుని ఉన్నాడు. వెనక చెప్పుల చప్పుడు వినిపించి తిరిగి చూస్తే ప్రశ్నల పిల్ల, ఇంకో నలుగురు.

"మీరెందుకే?"

"మా ఇంటి దారే టీచర్. ఇంకా... ఏమవుతుందో చూడాలని ఉంది."

మలుపు దగ్గర పాతికమంది దాకా ఉన్నారు. అందరూ గొడుక్కి పది అడుగుల దూరంలో, ఫోన్లను జేబుల్లో గట్టిగా పట్టుకుని, వానలో తడుస్తూ గుండ్రంగా నిలబడ్డారు. మధ్యలో గొడుగు కింద పొడిగా ఉన్నది ఒక్క తాళాల మేస్త్రే. యాభై ఏళ్లుంటాయి. చేతిలో ఆకురాయి, మోకాళ్ల మీద సగం చెక్కిన తాళంచెవి. ఇంతమంది ఒక్కసారిగా ఎందుకొచ్చారో అర్థంకాక, "ఒకరి తర్వాత ఒకరు రండి బాబూ, అందరికీ చేసిస్తాను" అంటున్నాడు.

"నటించకు! నీ ఫోన్ ఇలా ఇయ్యి" అన్నాడు సెక్రటరీ, పది అడుగుల దూరంలోంచే.

మేస్త్రి జేబులోంచి ఫోన్ తీశాడు. మీటలు నొక్కే పాత ఫోన్. అందులో ఫోటో తీయడానికే లేదు.

"చూశారా, ఎంత తెలివైనవాడో!" అన్నాడు సెక్రటరీ. "దొరక్కుండా ఉండాలనే ఇలాంటిది పెట్టుకున్నాడు."

టీచరమ్మ గుంపును తోసుకుంటూ వెళ్లి గొడుగు కింద నిలబడింది. అందరూ అయ్యో అన్నారు. ఆమె తన ఫోన్ తీసి, ఫోటోలు తెరిచి, చెయ్యెత్తి చూపించింది. ఒక్కటీ పోలేదు.

"ఆవిడ చుట్టం కదా, ఆవిడవి తియ్యడు" అన్నారెవరో వెనక నుంచి.

అప్పుడు ప్రశ్నల పిల్ల పక్కకొచ్చి నిలబడి, తరగతిలో అడిగినట్టే మామూలుగా అడిగింది.

"అంకుల్, ఫోటోలు ఎవరివి పోయాయి? పోయినవాళ్లు చెయ్యెత్తండి."

పాతికమందీ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కొంతసేపటికి ఒకే ఒక్క చెయ్యి లేచింది. అది సెక్రటరీది.

"నావి పోయాయి. మొత్తం నాలుగు వేలు. మనవరాలి పుట్టినరోజువి కూడా."

"ఎలా పోయాయి అంకుల్?"

"అంటే... వీడు లాగేస్తాడేమోనని పొద్దున్నే నేనే తీసేశాను."

ఎవరో కిసుక్కుమన్నారు. ప్రశ్నల పిల్ల నవ్వలేదు. ఆమెకు అసలు సందేహం ఇంకోటి ఉంది.

"మరి ఈ సంగతి మీకెవరు చెప్పారు?"

సెక్రటరీ మందుల షాపాయనను చూపించాడు. మందుల షాపాయన మూడో అంతస్తావిడను చూపించాడు. ఆవిడ ఇంకొకరిని. వేళ్లు గుంపంతా ఒక చుట్టు తిరిగి, చివరికి వెనక వరసలో కూరగాయల సంచితో నిలబడిన అత్తగారి దగ్గర ఆగాయి.

"నాకెవరూ పంపలేదమ్మా" అన్నారావిడ. "మా భోజనాల బల్ల మీద దొరికింది."

ఇంక దాచడానికేమీ మిగల్లేదు. టీచరమ్మ కాగితం తీసి మొత్తం గట్టిగా చదివింది, అడుగున ఉన్న చిన్న అక్షరాలతో సహా. వందకు నూట పదిమంది అన్నచోట నలుగురు తల దించుకున్నారు. చదవడం అయ్యాక మేస్త్రి వైపు తిరిగింది.

"రాసింది నేనేనండీ. నన్ను క్షమించండి."

"గొడుగే దొరికిందా అమ్మా?" అన్నాడు మేస్త్రి. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

"ఆకుపచ్చ గొడుగు ఎవరికీ ఉండదనుకున్నాను."

"అందుకే కొన్నానమ్మా. దూరం నుంచి కనబడుతుందని."

అత్తగారు ముందుకొచ్చి సంచి కింద పెట్టారు. "తప్పు నాది కూడా అమ్మాయ్. కానీ కింద చిన్న అక్షరాలు ఎవరు చదువుతారే? ముఖ్యమైన మాట పైన పెద్దగా రాయొద్దూ?"

"నిజమే అత్తయ్యా" అంది కోడలు. పాఠం గురించి ఆ రోజు ఆమె విన్న మొదటి పనికొచ్చే సలహా అదే.

ప్రశ్నల పిల్ల ఈలోగా సెక్రటరీ ఫోన్ అడిగి తీసుకుంది. వాన తగలకుండా గొడుగు కిందికి తెచ్చి, తీసేసినవి నెలరోజులపాటు దాచి ఉంచే చోటు వెతికి, రెండుసార్లు వేలు తాకించింది. నాలుగు వేల ఫోటోలూ ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. మనవరాలి మొహం కనబడగానే సెక్రటరీ కళ్లు తుడుచుకున్నాడు. పది అడుగుల దూరం మరిచిపోయి, తనూ గొడుగు కిందికి వచ్చి, మేస్త్రి చెయ్యి పట్టుకున్నాడు. ఆ వెంటే గ్రూపులో అందరికీ క్షమాపణ రాస్తానన్నాడు, అక్కడే నిలబడి రాశాడు కూడా.

"తాళాల మేస్త్రి మంచివాడు. పోయిన నా ఫోటోలు ఆయన గొడుగు కింద నిలబడగానే తిరిగి వచ్చాయి."

టీచరమ్మ ఆ వాక్యాన్ని తరవాత చూసుకుంది. అప్పటికే అది మూడు వందల ఇళ్లు దాటింది.

శుక్రవారం ఉదయం ఆమె మలుపు మీదుగా బడికి వెళ్లింది. గొడుగు ముందు మందుల షాపు దాకా వరస ఉంది. పగిలిన ఫోన్లు, నీళ్లలో పడ్డవి, నాలుగేళ్ల కింద పాడైనవి పట్టుకుని జనం వంతు కోసం నిలబడ్డారు. వరసలో సైన్సు మాస్టారు కూడా ఉన్నారు. ఆమెను చూసి, "ఊచలుంటాయి కదమ్మా, సూత్రప్రకారం..." అంటూ ఆగిపోయారు. మేస్త్రి ఒక్కొక్కరినీ గొడుగు కింద ఒక నిమిషం నిలబెట్టి, పనిలో పనిగా వాళ్ల ఇంటి తాళంచెవికి నకలు చేసి పంపిస్తున్నాడు.

"ఇది మీ పనేనా టీచర్?" అంది వెనకాలే వచ్చిన ప్రశ్నల పిల్ల.

"కాదు. ఈసారి సెక్రటరీగారిది. ఇంత దూరం ఎలా పాకిందో కనుక్కోవాలి. ఎక్కణ్ణించి మొదలుపెడదాం?"

పిల్ల పుస్తకం తెరిచి వరసలో చివరి మనిషి దగ్గరికి నడిచింది. సాయంత్రానికి మేస్త్రే విసిగిపోయి, ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో "ఇక్కడ తాళాలు మాత్రమే బాగుచేయబడును" అని రాసి గొడుగు కర్రకు కట్టాడు.

ఆ బోర్డును మాత్రం ఇంతవరకూ ఎవరూ ఫోటో తీసి ఎవరికీ పంపలేదు.