బెర్నిస్ నిద్రకు అర్జీ

తల్లి అలసిపోయిందని తల్లికి తెలిస్తే చాలదు, కౌన్సిలుకు తెలియాలి. ఉత్తర ఇంగ్లండులోని థార్న్‌బెక్ పట్టణం ఈ మహాసూత్రం మీదే నడుస్తోంది.

బెర్నిస్ కోరిక చిన్నది. ఒక్క శనివారం, తనంతట తనకు మెలకువ వచ్చేదాకా పడుకోవాలి. తొమ్మిదేళ్ళ కూతురు హెట్టీ మంచిదే. కాకపోతే బిగించి ఉన్నదేది కనిపించినా ఊడదీయందే ఊరుకోదు. కిందటి వారం స్నానాల గది తలుపు పోయింది. (తలుపు దొరికింది. బందులు దొరకలేదు.) ఇలాంటి పిల్లల్ని నెలకు రెండు రోజులు మరో ఇంట్లో ఉంచి, కన్నవాళ్ళను ఊపిరి పీల్చుకోనిస్తుంది కౌన్సిలు. పిల్ల కష్టమైనదని రుజువైతే చాలు.

రుజువు చూడడానికి విరామ సమన్వయాధికారి ఓల్డ్‌రాయిడ్ స్వయంగా వచ్చాడు. హెట్టీ ఆయనకు టీ ఇచ్చి, మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయని అడిగి, ఆడుకోడానికి బయటికెళ్ళింది.

"బంగారుతల్లి! ఇలాంటి పిల్లను పెట్టుకుని మీకు విశ్రాంతెందుకమ్మా?" అని ఫైలు మూసి వెళ్ళాడు. నిమిషంలో తిరిగొచ్చాడు.

"నా కారు వైపర్లేవీ?"

"అర్జీ మంజూరైనట్టేనాండీ?" అంది బెర్నిస్.

మంజూరైంది, షరతు మీద. తల్లి ముందు 'విశ్రాంతి తీసుకొను విధానం'లో ఆరు వారాల శిక్షణ పొందాలి. అక్కడికి పిల్లల్ని తేకూడదు. (ఎవరి దగ్గర వదలాలన్నది ఆరో వారం పాఠం.) బెర్నిస్ పక్కింటావిణ్ణి బతిమాలుకుని వెళ్ళింది. ప్రాక్టికల్ పరీక్షలో కూర్చున్నచోటే నిద్రపోయి ఫస్టు వచ్చింది.

తర్వాతి వారమే ఉత్తరం. 'మీ బిడ్డకు తగిన సంరక్షకురాలు దొరికింది. తొమ్మిదేళ్ళ అనుభవం, శిక్షణలో ప్రథమస్థానం. చిరునామా: 14, మిల్ వీధి.'

బెర్నిస్ ఓల్డ్‌రాయిడ్‌కు ఫోన్ చేసింది. "అయ్యా, అది మా ఇల్లు!"

"దగ్గరే పడింది, మీ అదృష్టం."

"నా పిల్లను నాకే అప్పజెప్పాలా?"

"శనివారం పదింటికి. అప్పజెప్పినచోటా, అందుకున్నచోటా సంతకం మీరే పెట్టాలి. రెండూ ఒకేలా ఉండకూడదమ్మా, మోసమనుకుంటారు."

శనివారం పదింటికి బెర్నిస్ కూతురి సంచి సర్ది, తలుపు తాళం వేసి, మెట్ల మీద నిలబడింది. పక్కన ఓల్డ్‌రాయిడ్, చేతిలో ఫారం. హెట్టీ బెల్లు కొట్టింది. మళ్ళీ కొట్టింది.

"అమ్మా, లోపల ఎవరూ లేరే."

"పదీ అయిదు," అన్నాడు ఓల్డ్‌రాయిడ్ గడియారం చూసుకుని. "సంరక్షకురాలు గైర్హాజరు. బాధ్యత లేని మనిషి. ఫిర్యాదు చేస్తారా?"

"చేస్తే ఏమవుతుంది?"

"విచారణ తేలేదాకా ఆవిడకు ఏ పిల్లనూ అప్పజెప్పం. ఏడాది పడుతుంది."

బెర్నిస్ ఆయన చేతిలోని కలం లాక్కుంది. ఇంత ఇష్టంగా ఆమె ఏ ఫారం మీదా సంతకం పెట్టలేదు. ఈలోగా హెట్టీ బెల్లు ఊడదీసి జేబులో వేసుకుంది.

"మరి అంతదాకా హెట్టీ ఎక్కడుంటుందండీ?"

"తల్లి దగ్గరే," అన్నాడు ఓల్డ్‌రాయిడ్, ఫారం మడుస్తూ. "ఆవిడ మీద ఇంతవరకూ ఏ ఫిర్యాదూ లేదు."